సైకిల్ మీద నా చెడ్డ రోజులు: దెబ్బ తగిలాక మొదటి పది నిమిషాల గురించి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మొదటి 200 బ్రెవే, అంటే 200 కిలోమీటర్లు గడువులోపు తొక్కి ముగించాల్సిన రైడ్. 70వ కిలోమీటరు దగ్గర వెనక చక్రం పంక్చర్. ట్యూబ్ మార్చి బయల్దేరిన పావుగంటకే అదే చక్రం మళ్ళీ పంక్చర్. పోయిన టైము రాబట్టుకోవాలని గట్టిగా తొక్కుతుంటే వాన, మలుపులో జారి పడటం, మోకాలు చీరుకుపోవడం. చివరికి 13 గంటల 30 నిమిషాల గడువు దాటిపోయింది. ఇప్పుడు ఇంట్లో సైకిల్ అమ్మేయమంటున్నారు, మీకూ ఎక్కాలంటే భయంగా ఉంది. చాలా ఏళ్ళుగా తొక్కుతున్నవాళ్ళకి ఇలాంటి రోజులు వచ్చాయా, వస్తే ఏం చేశారు అని అడిగారు.

వచ్చాయి. నేను పద్నాలుగేళ్ళుగా తొక్కుతున్నాను, ఇంతకంటే చెడ్డ రోజులే చూశాను. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటే కనిపిస్తోంది. మొదట జరిగింది ఎప్పుడూ చిన్నదే. దాని తర్వాత నేను తొందరపడి చేసిన పనే రోజును పాడు చేసింది. మీరు రాసిన వరసలో కూడా అదే ఉంది. ఆ రోజు మీకు మూడు ప్రమాదాలు జరిగాయని మీరు అనుకుంటున్నారు. నాకు మాత్రం ఒకటే కనిపిస్తోంది, మొదటి పంక్చర్. మిగతా రెండూ దాని పిల్లలు. ఎందుకో చెప్తాను, ముందు నా సంగతి వినండి.

2016 సంక్రాంతికి ఊరెళ్ళాను. మాది అనంతపురం వైపు. కనుమ మర్నాడు పొద్దున్నే అనంతపురం నుంచి కళ్యాణదుర్గం దారిలో ఒక్కడినే బయల్దేరాను. ఆ రోజుల్లో అటువైపు రోడ్ల మీద ఉలవ కట్టె, కంది కట్టె పరుస్తారు. బస్సులు, లారీలు తొక్కితే గింజ రాలుతుంది, సాయంత్రం ఎత్తి తూర్పారబడతారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. గేర్ల సైకిల్‌కి మాత్రం అంతకు మించిన ప్రమాదం లేదు. దిగి నడిపించుకుంటూ పోవాల్సింది. యాభై అడుగులే కదా, తొక్కేద్దాం అనుకున్నాను. సగం దూరం పోయేసరికి ఉలవ తీగ వెనక చక్రానికి చుట్టుకుని, చైన్‌ని గేర్ల మధ్య మార్చే డీరైలర్‌లోకి దూరింది. కరకరమని చప్పుడు. పెడల్ బిగుసుకుంది. నేను దాన్ని బలంగా ఇంకొక్క తొక్కు తొక్కాను. డీరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ టప్పుమని విరిగి, డీరైలర్ చక్రం చువ్వల్లోకి పోయింది. రెండు చువ్వలు తెగాయి.

ఆ ఒక్క తొక్కు తొక్కకుండా ఉంటే ఐదు నిమిషాల్లో వేళ్ళతో తీగ లాగేసి బయల్దేరేవాణ్ణి. చైన్ ఎక్కడైనా పట్టేసినట్టు అనిపిస్తే కాళ్ళు అక్కడికక్కడే ఆపేయండి. బలం పెట్టి వదిలించుకోవాలని చూస్తే విరిగేది ఎప్పుడూ డీరైలరే.

అక్కడితో కూడా అది చెడ్డ రోజు కాదు. నా దగ్గర చైన్ తెంపి కలిపే పనిముట్టు, చైన్ టూల్ ఉంది. డీరైలర్ విప్పేసి, తెగిన చువ్వల్ని పక్క చువ్వలకు చుట్టేసి, చైన్‌ని పొట్టిగా కోసి ఒకే గేర్‌గా కలిపితే మెల్లగా ఇల్లు చేరొచ్చు. కానీ ఆ పనికి ఒక నియమం ఉంది. ముందు పళ్ళచక్రం, వెనక పళ్ళచక్రం ఒకే వరసలో ఉండాలి. చైన్ ఏమాత్రం వంకరగా ఉన్నా, తొక్కేకొద్దీ పక్కనున్న పెద్ద చక్రం మీదికి ఎక్కాలని చూస్తుంది. ఎక్కితే బిగుసుకుంటుంది, జారితే పెడల్ కింద ఏమీ ఉండదు. నాకు ఇది తెలుసు. తెలిసి కూడా, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరాలన్న తొందరలో, కొంచెం వంకరగానే ఉంది, ఫర్వాలేదులే అని కలిపేశాను. కూర్చుని తొక్కితే బాగానే వచ్చింది. రెండు కిలోమీటర్లు పోయాక చిన్న ఎత్తు వచ్చింది. సీటు మీద నుంచి లేచి, నా బరువంతా కుడి పెడల్ మీద వేశాను. చైన్ జారింది. కాలు గాల్లోకి పోయింది, హ్యాండిల్ తిరిగింది, కుడి భుజం మీద పడ్డాను.

పక్క పొలంలో కట్టె మోపులు కడుతున్న పెద్దాయన పరుగెత్తుకొచ్చాడు. నేను లేవబోతుంటే "లెయ్యొద్దు నాయనా, అట్లే కూకో" అన్నాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, నా చెయ్యి మడిచి ఛాతీకి ఆనించి కట్టాడు. ఆ తువ్వాలు చెమట వాసన, ఉలవ పొట్టు వాసన వేసింది. 108 వచ్చేదాకా ఆయన నా పక్కనే కూర్చున్నాడు, సైకిల్ ఆయన ఇంట్లోనే పెట్టించాడు. ఎక్స్‌రేలో కాలర్ బోన్ రెండు ముక్కలు. సైకిల్ తొక్కేవాళ్ళకి ఎక్కువగా విరిగే ఎముక అదే. పడేటప్పుడు చెయ్యి ముందుకు చాచినా, భుజం నేలకు తగిలినా ఆ దెబ్బంతా దాని మీదికే పోతుంది.

మంచం మీదున్న రోజుల్లో యూజీన్ క్రిస్టోఫ్ అనే ఫ్రెంచ్ సైకిల్ పందెగాడి గురించి చాలా ఆలోచించాను. ఫ్రాన్స్‌లో జరిగే పెద్ద సైకిల్ పందెం టూర్ డి ఫ్రాన్స్‌లో, 1913లో, ఆయన పిరనీస్ కొండల్లో తూర్మలే కనుమ దిగుతుండగా ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ విరిగిపోయింది. ఎవరి సైకిల్ వాళ్ళే బాగుచేసుకోవాలి, ఎవరి సాయమూ తీసుకోకూడదు అన్నది అప్పటి రూలు. సైకిల్ భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి కింద సెంట్ మరీ ద కంపాన్ అనే ఊరి కొలిమికి చేరాడు. నిర్వాహకులు పక్కన నిలబడి చూస్తుండగా ఇనుము కాల్చి, సాగగొట్టి, తన చేత్తోనే ఫోర్క్ అతికించాడు. కొలిమి తిత్తి ఒక పిల్లవాడు ఊదాడని దానికీ పెనాల్టీ వేశారు. గంటలకు గంటలు పోయాయి, గెలిచే అవకాశం పోయింది. అయినా పారిస్ చేరాడు, ఏడో స్థానంలో. అందరూ ఆయన దురదృష్టం గురించి చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ కొలిమి దగ్గర ఆయన చూపించిన ఓపికే కనిపించింది. పందెం పోయిందని తెలిసి కూడా పని సగంలో వదలలేదు. ఫర్వాలేదులే అనుకుని అతుకు వేసి ఉంటే తర్వాతి కొండ దిగేటప్పుడు ప్రాణమే పోయేది. నేను నా చైన్ దగ్గర ఇంకో పది నిమిషాలు కూర్చోలేకపోయాను.

ఇప్పుడు మీ పంక్చర్ల సంగతి. ట్యూబ్ మార్చిన పావుగంటకే మళ్ళీ గాలి పోయిందంటే, పది సార్లలో తొమ్మిది సార్లు మొదటిసారి గుచ్చుకున్నదే ఇంకా టైరులో ఉందని అర్థం. పల్లెల్లో అయితే పల్లేరుకాయ, తుమ్మముల్లు. హైవే మీద అయితే పేలిపోయిన లారీ టైర్ల నుంచి వచ్చే సన్న ఇనుప తీగ. ఈ తీగ మహా మోసం చేస్తుంది. తల వెంట్రుకంత సన్నంగా ఉంటుంది, టైరు బయటి నుంచి చూస్తే కనిపించదు, లోపలికి ఒక మిల్లీమీటరు తేలి ఉంటుంది. చక్రం తిరిగి బరువు పడ్డప్పుడల్లా కొత్త ట్యూబ్‌ని కొంచెం కొంచెం గీరుతూ ఉంటుంది.

అందుకే ట్యూబ్ తీయగానే పక్కన పడేయకండి. గాలి కొట్టి, చెంప దగ్గర పెట్టుకుని తిప్పితే కన్నం ఎక్కడుందో తెలుస్తుంది. ట్యూబ్‌ని వాల్వ్ దగ్గర నుంచి టైరు మీద పరిచి చూస్తే ముల్లు ఏ చోట ఉండాలో కూడా తెలుస్తుంది. నేను టైరు ఎక్కించేటప్పుడే కంపెనీ పేరున్న చోటు వాల్వ్‌కి ఎదురుగా వచ్చేలా పెడతాను, ఆ లెక్క కోసమే. తర్వాత టైరు లోపల పాత నూలుగుడ్డ ముక్కతో మెల్లగా తుడవండి. వేలికి అందని తీగ గుడ్డకు పట్టుకుంటుంది. కన్నం ఒకటి కాకుండా పక్కపక్కనే రెండు, పాము కాటులా ఉంటే అది ముల్లు కాదు. గాలి తక్కువగా ఉన్న టైరు గుంత అంచుకు కొట్టుకుని, ఆ అంచుకూ చక్రం రిమ్‌కూ మధ్య ట్యూబ్ నలిగిందన్నమాట. ప్యాచ్ వేసేటప్పుడు ట్యూబ్‌ని గరుకు కాగితంతో బాగా రుద్దండి. సొల్యూషన్ రాసి వెంటనే అంటించకండి, తడి మెరుపు పోయేదాకా ఆగండి. ఆ రెండు మూడు నిమిషాలు ఆగలేకే చాలామంది ప్యాచ్‌లు ఊడిపోతాయి. టైరు పక్కగోడ చీరితే ఒక కరెన్సీ నోటు మడిచి లోపల పెట్టి ట్యూబ్ ఎక్కించండి, ఇంటిదాకా వస్తుంది.

ఈ పనంతా నిదానంగా చేసినా ఇరవై నిమిషాలు. మీరు ఎనిమిది నిమిషాల్లో మార్చానని రాశారు. మిగిల్చుకున్న పన్నెండు నిమిషాలు రెండో పంక్చర్‌కి పోయాయి, రెండో పంక్చర్‌లో పోయిన టైము మిమ్మల్ని వానలో పరుగెత్తించింది. బ్రెవేలో ర్యాంకులు లేవు. గడువుకి అరగంట ముందు వచ్చినవాడికి, అందరికంటే ముందొచ్చినవాడికి ఒకటే సర్టిఫికెట్. ఈ మాట నాకు మొదట్లో ఎవరూ చెప్పలేదు, అందుకే మీకు చెప్తున్నాను.

ఇక నేను ఎక్కువగా బాధపడే రోజు గురించి రాయాలి. అందులో పడింది నేను కాదు.

ఒక జులై ఆదివారం ముగ్గురం హైదరాబాద్ నుంచి చేవెళ్ళ మీదుగా వికారాబాద్ అనంతగిరికి బయల్దేరాం. మర్రిచెట్ల కింద వాన చినుకులు, రోడ్డంతా తడి. చేవెళ్ళలో ఇడ్లీ తిన్నాం. అనంతగిరి దిగేటప్పుడు మా మిత్రుడి వెనక చక్రం మలుపులో జారింది. పక్కకు పడ్డాడు, తల వెనక భాగం రోడ్డుకు తగిలింది. వెంటనే లేచి నిలబడి, ప్యాంటు దులుపుకుని, "ఏం కాలేదు, పదండి" అన్నాడు. మోచేతి మీద చర్మం లేచింది, అంతే. నేను హెల్మెట్ విప్పించి చూడలేదు. వాన పెరుగుతోంది, కిందికి దిగి ఎక్కడైనా తలదాచుకుందాం అనుకున్నాం. ముగ్గురం ఎక్కి తొక్కాం.

రెండు కిలోమీటర్లు పోయాక ఆయన నా పక్కకు వచ్చి "అన్నా, మనం టిఫిన్ చేశామా?" అని అడిగాడు. చేవెళ్ళలో చేశాం కదా అన్నాను. సరే అన్నాడు. కాసేపటికి మళ్ళీ అదే గొంతుతో, అదే మాట: "మనం టిఫిన్ చేశామా?" నాకు చేతులు చల్లబడ్డాయి. ఆపించి హెల్మెట్ తీసి చూస్తే వెనక వైపు లోపలి థర్మాకోల్ నిలువునా పగిలి ఉంది. దారినపోయే ఆటో ఆపి ఎక్కించాం. ఆటోలో మూడోసారి అడిగాడు. ఆస్పత్రిలో స్కాన్ తీశారు, రెండు రోజులు ఉంచుకుని పంపించారు. అదృష్టం, పూర్తిగా కోలుకున్నాడు. కానీ తలకు దెబ్బ తగిలిన మనిషిని తడి ఘాట్ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు నేను తొక్కనిచ్చాను. ఆ రెండు కిలోమీటర్లలో ఆయన మళ్ళీ పడి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అప్పటి నుంచి మా గుంపులో ఎవరు పడినా ఒకటే పద్ధతి. ముందు రోడ్డు పక్కకు. లేవడానికి తొందర లేదు. హెల్మెట్ విప్పి లోపల, బయట చూడాలి. ఈ రోజు ఏ వారం, ఎక్కడి నుంచి బయల్దేరాం, ఎటు వెళ్తున్నాం అని అడగాలి. తలకు తగిలిందని కొంచెం అనుమానం ఉన్నా ఆ రోజు రైడ్ అక్కడితో అయిపోయినట్టే. మనిషి ఎంత బాగున్నానన్నా సరే. వాంతి, పెరిగే తలనొప్పి, మగత, అడిగిందే అడగడం, వీటిలో ఏది కనిపించినా నేరుగా ఆస్పత్రికే. ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్‌ని, పైకి బాగానే కనిపించినా, మళ్ళీ పెట్టుకోకూడదు. లోపలి థర్మాకోల్ ఒక్క దెబ్బకే పనికొస్తుంది.

అంబులెన్స్‌కి 108 అందరికీ తెలుసు. నేషనల్ హైవే మీదైతే హైవే హెల్ప్‌లైన్ 1033 కూడా ఫోన్‌లో పెట్టుకోండి. పడినవాళ్ళకి సాయం చేస్తే పోలీసు కేసుల్లో తిరగాల్సొస్తుందని ఇప్పటికీ భయపడేవాళ్ళున్నారు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షన్ సాయం చేసినవాళ్ళకి రక్షణ ఇచ్చింది. మీరు ఎవరి దగ్గరైనా ఆగాల్సొస్తే ధైర్యంగా ఆగండి.

వానలో మీరు జారిన చోటు గురించి. ఎండాకాలం తర్వాత పడే మొదటి వానలే అన్నిటికంటే ప్రమాదం, రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము తేలి జారుడవుతుంది. తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, మలుపులో ఎండుటాకులు, వీటి మీద బ్రేక్ వేయకండి, వంగకండి. మలుపులోకి వెళ్ళకముందే వేగం తగ్గించుకుని, మలుపులో బ్రేక్ వదిలేయాలి. మీది రిమ్‌ని రబ్బరు ముక్కలతో నొక్కి ఆపే రిమ్ బ్రేక్ అన్నారు కాబట్టి, తడి రిమ్ మీద మొదటి పట్టు నీటిని తుడవడానికే సరిపోతుంది, ఆగడం ఆ తర్వాతే. శ్రీశైలం దారి లాంటి పొడుగు ఘాట్‌లో బ్రేక్‌ని అదేపనిగా పట్టుకుని దిగితే రిమ్ వేడెక్కి ట్యూబ్ పేలిపోవచ్చు. ముందుది, వెనకది మార్చి మార్చి పట్టుకోవాలి, మధ్యలో ఆగి చల్లారనివ్వాలి. ఆ దారిలో మన్ననూరు అటవీ చెక్‌పోస్టు రాత్రి 9 గంటలకు మూసేస్తారు. గేటు పడిపోతుందని పరుగెత్తేవాళ్ళని చూశాను. మిమ్మల్ని పడేసిన తొందర ఇలాంటిదే. గేటు పడితే ఇవతల పడుకుని పొద్దున 6కి వెళ్ళొచ్చు.

చేయి తిరిగినవాళ్ళు పడరు అనుకోకండి. నాలుగుసార్లు టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన క్రిస్ ఫ్రూమ్, 2019 జూన్ 12న ఫ్రాన్స్‌లోని రోవాన్ దగ్గర టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే పందెం) దారి చూసుకుంటూ దిగుతున్నాడు. ముక్కు చీదుకోవడానికి హ్యాండిల్ మీది నుంచి చెయ్యి తీశాడు. సరిగ్గా అప్పుడే గాలి విసురు కొట్టింది. గోడకు గుద్దుకుని తొడ ఎముక, మోచెయ్యి, పక్కటెముకలు విరిగాయి. దిగుతున్నప్పుడు నీళ్ళు తాగాలన్నా, ముఖం తుడుచుకోవాలన్నా నేను ఇప్పుడు ఆగి ఆ పని చేస్తాను.

ఎండ గురించి మీరు అడగలేదు కానీ, వచ్చే బ్రెవే మార్చిలో అని రాశారు కాబట్టి చెప్పాలి. మండే ఎండలో ఒళ్ళు గగుర్పొడిచి చలిగా అనిపిస్తే, లేదా మీ పక్కన తొక్కేవాడు మాటలు ఆపేస్తే, అది అలసట కాదు. వెంటనే నీడ, మెడ మీద, తల మీద నీళ్ళు. ఉత్త నీళ్ళు లీటర్లకు లీటర్లు తాగడం కూడా ప్రమాదమే, ఒంట్లో ఉప్పు పలచబడి తల తిరుగుతుంది. ఓఆర్‌ఎస్ పొట్లం మీద లీటరు అని ఉంటే లీటరు నీళ్ళలోనే కలపండి. చిక్కగా కలిపి గుటకేస్తే కడుపు తిప్పుతుంది. దారిలో ఉప్పు వేసిన మజ్జిగ దొరికితే వదలకండి. మాట తడబడితే మాత్రం మజ్జిగతో ఆగకండి, 108కి ఫోన్ చేయండి.

కుక్కలు వెంటపడితే పారిపోవడం కంటే దిగిపోవడం మేలు. సైకిల్ మనకూ దానికీ మధ్య పెట్టుకుని నడిస్తే చాలాసార్లు ఆసక్తి పోయి ఆగిపోతుంది. కరిస్తే సబ్బుతో పావుగంట నీళ్ళ ధార కింద కడిగి అదే రోజు వ్యాక్సిన్‌కి వెళ్ళండి.

భయం గురించి. కాలర్ బోన్ విరిగాక ఆరు వారాలు స్లింగ్‌లో ఉన్నాను. ఎముక అతికింది కానీ, మళ్ళీ ఎక్కాక ఎత్తు వచ్చిందంటే సీటు మీంచి లేవలేకపోయేవాణ్ణి. చైన్ కొత్తది, డీరైలర్ కొత్తది, కాళ్ళు మాత్రం నమ్మలేదు. నాలుగు నెలలు పట్టింది. నేను చేసిందల్లా రోజూ తెల్లవారుజామున ఖాళీగా ఉండే ఒకే చిన్న ఎత్తు మీద, ఒకే గేర్‌లో, లేచి పది తొక్కులు తొక్కి కూర్చోవడం. మీకు భయం మలుపు దగ్గర ఉంది. మీరు హైదరాబాద్‌లోనే ఉంటే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల పొడవున తెరిచిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది, దాని మీద లారీలు, కార్లు ఉండవు. ముందు అక్కడ వారం పది రోజులు తొక్కి సైకిల్ మీద చనువు తెచ్చుకోండి. తర్వాత పొడి రోడ్డు మీద ఒకే మలుపు ఎంచుకుని, నడక వేగంతో మొదలుపెట్టండి.

ఇంట్లోవాళ్ళ మాట తేలిగ్గా తీసుకోవద్దు. మా ఆవిడ కూడా అమ్మేయమనే అన్నది. కూర్చుని మాట్లాడితే తెలిసింది, ఆమెని భయపెట్టింది నా ఎముక కాదు, పడ్డ రోజు మూడు గంటలు నేను ఎక్కడున్నానో తెలియకపోవడం. అప్పటి నుంచి ఒంటరిగా వెళ్తే లైవ్ లొకేషన్ పంపుతాను, ప్రతి రెండు గంటలకు ఒక మెసేజ్ పెడతాను, హెల్మెట్ లోపల నా పేరు, బ్లడ్ గ్రూప్, ఆమె నంబర్ రాసిన కాగితం టేపు వేసి అంటించాను. ఆ మాట మళ్ళీ రాలేదు.

సైకిల్ ఇప్పుడే అమ్మకండి. మోకాలు మెట్లు దిగేటప్పుడు ఇంకా నొప్పి పెడుతోందని రాశారు, మూడు వారాలైంది కాబట్టి ముందు ఎముకల డాక్టర్‌కి చూపించండి, ఆయన సరే అనేదాకా ఎక్కొద్దు. ఈలోపు ఆ వెనక టైరు ఒకసారి విప్పి, లోపల గుడ్డతో తుడిచి చూడండి. రెండోసారి కూడా మీరు ట్యూబ్ ఒక్కటే మార్చారు. ఆ తీగ ముక్క ఇంకా అందులోనే ఉండి ఉంటుంది.